ఇటు రెండడుగులు

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుందనగా మేస్త్రమ్మ వచ్చి ఆఖరి బల్ల చివర కూర్చుంది. లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఎవరి మోకాళ్లూ తగలకుండా వెళ్లిపోయే చోటు చూసుకుని మరీ కూర్చుని, అలవాటు కొద్దీ తల పైకెత్తింది. ఈ పాత ప్రార్థన మందిరంలోకి అడుగుపెట్టినవాళ్లంతా ముందు రంగు అద్దాల కిటికీలు చూస్తారు, తరవాత పాడేవాళ్లు నిలబడే రాతి మెట్టు చూస్తారు, ఆమె మాత్రం పగుళ్లు చూస్తుంది. లేవు. కుడి మూల వెంట్రుకంత గీత ఒకటి ఉందా అని కళ్లు చికిలించింది, గీత కాదు, సాలెగూటి నీడ, గాలికి కదులుతోంది. పద్నాలుగు నెలలు ఆ కప్పు కింద పరంజా మీద వెల్లకిలా పడుకుని గార పెట్టింది, ముఖానికీ కప్పుకీ మధ్య జానెడు దూరం, రెప్పల మీద సున్నం చుక్కలు, మధ్యాహ్నం అక్కడే కునుకు తీస్తే కలలో కూడా తెల్లటి ఆకాశం ఒకటి మొహం మీదికి వంగి మెల్లగా ఊపిరి పీల్చేది. సున్నం ఊపిరి పీలుస్తుంది మరి. ఇంతకుముందు ఎవరో మంచి చేద్దామనుకుని సిమెంటు మెత్తితే గోడలు ఊపిరాడక లోపల్లోపలే చెమట పట్టి పొరలు పొరలుగా రాలిపోయాయి. దాన్నంతా చెక్కి పారేసి, వారాల తరబడి నానబెట్టిన సున్నంతో మళ్లీ మొదటినించీ మొదలుపెట్టింది, ఒక పూత గట్టిపడ్డాక ఇంకో పూత, ఎండ పొడ తగలకుండా తడి గోనెలు. ఆ పచ్చి సున్నం వాసన ఇంకా పోలేదు, వాన పడి వెలిసిన వీధిలాంటి వాసన, ఇంతమంది సబ్బుల వాసనా అత్తర్ల వాసనా కలిసినా దాన్ని గెలవలేకపోతున్నాయి.

జనం వస్తున్నారు. పనిబట్టలతోనే వచ్చిన నర్సులు ఇద్దరు, చంకలో పిల్లాడితో ఒక తండ్రి, కూరల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ, ఎవరినీ టికెట్ అడిగేవాళ్లు లేరు. యాభై ఏళ్లు గోనెసంచుల గిడ్డంగిగా, ఆ తరవాత పావురాల సొంతిల్లుగా పడి ఉన్న ఈ చోటుని పేటవాళ్లంతా కలిసి నిలబెట్టుకున్నారు, నిలబెట్టుకున్నాక తాళం వేసుకుంటే పాపం కదా అని రిటైరైన లెక్కల మాస్టారు ఈ కచేరీలు పెట్టారు, ప్రతి ఆదివారం నాలుగింటికి, ఎవరైనా రావచ్చు, ఎవరైనా వినొచ్చు. మాస్టారు మెట్టు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు. "ఇది ఏడో వారం. మొదటి వారం పదకొండు మంది వచ్చారు, అందులో ముగ్గురు వాన పడుతోందని వచ్చారు. ఇవాళ చూస్తే కూర్చోడానికి చోటు లేదు. ఉచితమే కదా అని మధ్యలో లేచిపోకండి, ఉచితంగా ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకోవడం మాకు రాదు" అన్నారు. నవ్వారు అందరూ. మేస్త్రమ్మ నవ్వలేదు. ఈ ఏడు వారాల పట్టిక తలుపు మీద అంటించిన రోజు ఆమె గుమ్మం పక్కన తాపీలు కడుక్కుంటోంది, పైనించి కిందికి చదువుతూ ఏడో వరసకి వచ్చేసరికి చేతిలో తాపీ నీళ్ల బకెట్లోకి జారిపోయింది. ఏడో వరసలో ఉన్నది వదిన పేరు.

వదిన వచ్చింది. పక్క తలుపులోంచి వచ్చి, వయొలిన్ పట్టుకున్నాయన వెనకాల నడిచి, మెట్టు ఎక్కి సరిగ్గా కప్పు నడిమధ్యన నిలబడింది. జుట్టు సగం నెరిసింది. భుజాలు అప్పటిలాగే ఎడమవైపుకి కాస్త ఒరిగి ఉన్నాయి, ఎప్పుడూ చంకలో శ్రుతిపెట్టె ఉన్నట్టు. ఆవిడని చూసి తొమ్మిదేళ్లు. కొత్తగా ఇంటికొచ్చిన రోజు కూడా అలాగే ఒరిగి నిలబడి, వంటింట్లో గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తే, "మా ఇంట్లో గిన్నెలకి చెవులు చిల్లులు పడతాయి" అంది తను, ఆవిడ వెనక్కి కూడా తిరక్కుండా, "నీ మాటలకి ఇన్నాళ్లూ పడని చిల్లులు నా పాటకి పడతాయా" అంది. అంతే, ఉప్పూ నిప్పూ కలిసిన కాపురం అనేవాడు అన్నయ్య. అన్నయ్య పుస్తకాలు బైండింగు చేసే చోట పనిచేసేవాడు, దగ్గరికొస్తే జిగురు వాసన, గోళ్ల చివర ఎప్పుడూ ఎండిన జిగురు. శ్రుతి తప్పినా తెలిసేది కాదు ఆ మనిషికి, తలుపు కిర్రుమన్నా వదిన సాధన మొదలుపెట్టిందనుకునేవాడు, అయినా ఒక్క కచేరీ మానేవాడు కాదు, వెనక వరసలో కూర్చుని అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా చప్పట్లు కొట్టేవాడు, పక్కవాళ్లని చూసి కొట్టాలి కాబట్టి. నీకేం అర్థమవుతుందిరా అన్నయ్యా అంటే, పాట నాకెందుకే పిచ్చుకా, పాడేటప్పుడు దాని మొహం చూడాలి, అనేవాడు. పిచ్చుక. చిన్నప్పుడు అటకలూ పిట్టగోడలూ ఎక్కి కూర్చునేదని పెట్టిన పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్లు లోకంలో ఇద్దరే, ఒకరు పోయారు, ఇంకొకరు అదిగో, నోరు తెరుస్తున్నారు.

మొదటి పాట చిన్నది, సన్నగా మొదలై సన్నగా పోయింది. గొంతు మారింది, అడుగున ఇసుక కలిసింది, అయినా మలుపుల దగ్గర అదే నిదానం, మెట్లు దిగేవాళ్లు చివరి మెట్టు దగ్గర ఒక్క లిప్త ఆగి చూసుకున్నట్టు. మేస్త్రమ్మ కళ్లు మూసుకుంది, మూసుకోకుండా ఉండాల్సింది. కళ్లు మూసుకుంటే ఆ సాయంత్రం వస్తుంది, వాన, కిటికీ దగ్గర మంచం, చేతిలో అపరాధ పరిశోధన నవల, ఇంకా నలభై పేజీలు. వదిన కచేరీ ఊరికి అవతలి చివర. అయిపోగానే తనే వెళ్లి స్కూటర్ మీద తీసుకురావాలి, ఒప్పందం అది. అన్నయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, బయల్దేరలేదేం అన్నాడు. తలనొప్పిగా ఉంది అంది. పేజీలోంచి తల ఎత్తకుండానే అంది. సరే పడుకో, నేను వెళ్తాలే, అని మేకుకున్న తాళాలు తీసుకున్నాడు, తాళాల చప్పుడు వినబడింది, బ్రేకు వైరు మార్పించాలి అక్కా అని మెకానిక్ నాలుగు రోజుల కిందట అన్న మాట కూడా వినబడింది, ఆ క్షణంలోనే, చెవి పక్కనే, నోరు తెరిచింది కూడా. పేజీ తిప్పింది. స్కూటర్ వీధి మలుపు తిరిగిన చప్పుడు వానలో కలిసిపోయింది. రేపు మార్పిద్దాంలే అనుకుంది. తొమ్మిదేళ్లుగా ఆ ఒక్క పేజీ తిరుగుతూనే ఉంది, పరంజా మీద, బస్టాపులో, పాలు పొంగేటప్పుడు, ఒక సన్నటి కాగితం చప్పుడు.

కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే లేవలేం. మర్నాడు, అన్నయ్యని తెచ్చి పడుకోబెట్టిన ముందుగదిలో, చుట్టాలూ బైండింగు షాపువాళ్లూ ఇరుగుపొరుగూ చూస్తుండగా, వదిన ఆమె దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకుని, "నీ పాటే మా అన్నయ్యని మింగింది" అంది. ఆ మాట ఎక్కడినించి వచ్చిందో, ఎవరు తయారుచేసి నోట్లో పెట్టారో తెలియదు, వచ్చాక మాత్రం ఆగలేదు, వానలో పాట కావాల్సి వచ్చిందా నీకు, నీ చప్పట్ల కోసం మా ఇంటి దీపం ఆర్పావు, ఇంకా ఏవేవో. వదిన ఒక్క మాట అనలేదు. ఆమె మొహంలోకి అలా చూస్తూ నిలబడింది, గాయపడిన చూపు కూడా కాదు అది, లోతు తెలియని నీళ్లలోకి చూసే చూపు. వారం తిరక్కుండానే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది, ఏదో బడి ఆఫీసులో టైపు పని చేస్తోందని తెలిసింది, ఆ తరవాత పాడటం మానేసిందనీ తెలిసింది. మానేసిందని విన్న రోజు మేస్త్రమ్మ కలిపిన సున్నం అలాగే వదిలేసి ఇంటికొచ్చేసింది. గెలిచినట్టు ఉండాలి కదా. లేదు.

రెండో పాట ఎత్తుకున్నారు. ఇది పెద్దది, గొంతు పైకి ఎక్కాలి, ఎక్కింది, ఎక్కిన గొంతు కప్పుకి తగిలి తిరిగి కిందికి వచ్చి ఇంకా నోట్లోంచి వస్తున్న మాట మీద పడింది, ఆ మాట తరవాతి మాట మీద పడింది, తడి సిరా మీద ఎవరో చెయ్యి రాసినట్టు అంతా అలికేసినట్టయింది. వయొలిన్ ఆయన కనుబొమలు ముడిచి మెడ ముందుకి చాచాడు, ఆయనకి ఆమె వినబడటం లేదు, ఆమెకి ఆయన వినబడటం లేదు. ఎవరో దగ్గారు. కూరల సంచి పెద్దావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. మేస్త్రమ్మ వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. ఆవిడ తప్పు కాదు, నిలబడిన చోటు తప్పు. ఆ నడిమధ్యన నిలబడి ఎవరు మాట్లాడినా నీళ్లకుండలో మాట్లాడినట్టే ఉంటుంది, పరంజా మీద ఉండగా కిందినించి మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పిడుగో పిలుపో తెలిసేది కాదు. అదే ఎడమ కిటికీ పక్కన, చిన్న కమాను కింద, సున్నం కలిపే అక్క ఒకరోజు ఇంకో అక్కతో గుసగుసగా, మేస్త్రమ్మకి పెళ్లి కాకపోడానికి ఆ నోరే కారణం అంటే, రెండు తాటిచెట్ల ఎత్తున ఉన్న తనకి పొల్లుపోకుండా వినబడింది, "నోరు కాదక్కా, వినేవాడు దొరకలేదు" అని పైనించే జవాబిస్తే కింద ఇద్దరూ తట్ట వదిలేసి పారిపోయారు. గోడలకి చెవులుంటాయంటారు గానీ కొన్ని గోడలకి గొంతు కూడా ఉంటుంది, ఎక్కడ ఉంటుందో వాటిని తడిమినవాళ్లకే తెలుస్తుంది. రెండడుగులు, మహా అయితే మూడు. ఎవరైనా చెప్తే బాగుణ్ణు. మాస్టారికి తెలియదు. ఆ వయొలిన్ ఆయనకి తెలియదు. వదిన చరణం మధ్యలో ఆగిపోయింది.

ఆగిపోయి, చెయ్యి గొంతు మీద పెట్టుకుని, జనం తలల మీదుగా ఎటో చూస్తోంది. మరిచిపోయిందనుకుంటున్నారు అందరూ, పాపం అనే చిన్న చప్పుడు బల్లల మధ్య పాకుతోంది. ఇంకో నిమిషం ఇలాగే ఉంటే ఆవిడ దణ్ణం పెట్టి మెట్టు దిగిపోతుంది, దిగితే ఇక ఈ జన్మకి ఎక్కదు, ఆ సంగతి ఈ గదిలో మేస్త్రమ్మ ఒక్కదానికే తెలుసు. తను ఎప్పుడు లేచిందో తెలియదు. కాళ్ల కింద గచ్చు చల్లగా కదులుతోంది, చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి, రెండు వైపులా మొహాలు తిరుగుతున్నాయి, నీలం మొహం, ఎర్ర మొహం, ఒక పచ్చ మొహం, కిటికీ అద్దాల వెలుగు ఎవరి మీద ఎలా పడితే అలా, వాళ్లందరూ నీళ్ల అడుగున కూర్చున్నట్టున్నారు, తనొక్కతే గట్టు మీద నడుస్తున్నట్టు, ఎంత నడిచినా మెట్టు దగ్గర పడటం లేదు, అన్నయ్య ఎక్కడో వెనక వరసలో కూర్చుని ఉన్నాడు, తిరిగి చూస్తే ఉండడు, అందుకని చూడలేదు. మెట్టు వచ్చింది. వదిన మొహం వచ్చింది. తొమ్మిదేళ్లలో మొదటి మాట ఏమై ఉండాలో ఎన్ని రాత్రులు అల్లుకుందో, అందులో ఒక్కటీ గుర్తు రాలేదు.

"వదినా, అక్కడ కాదు. ఇటు రెండడుగులు."

వదిన చూసింది. గొంతు మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఇక్కడా?"

"ఇంకొంచెం. కిటికీ వైపు. ఆఁ, అక్కడే. కమాను కిందికి రా." తరవాత, గబుక్కున, "వీపు ఆనించకు, ఆ గోడ ఇంకా పచ్చిగా ఉంది."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వదిన పెదవి చివర కూడా ఏదో కదిలింది. వయొలిన్ ఆయన కూడా ఆమె పక్కకి జరిగాడు. తిరిగి ఆఖరి బల్ల దాకా వెళ్లకుండా మేస్త్రమ్మ అక్కడే మెట్టు పక్కన నేల మీద చతికిలబడింది, పాట మళ్లీ పల్లవి నించి మొదలైంది.

ఈసారి మాట మాట విడివిడిగా వచ్చింది, కడిగి ఆరబెట్టిన గిన్నెల్లా. గొంతు ఎక్కడా గుద్దుకోకుండా కమాను లోపలివంపు పట్టుకుని పైకి పాకింది, తను ఏ వేళ్లతో నునుపు చేసిందో ఆ వంపునే, ఆ జానెడు జానెడునీ, ఇక్కడ చెయ్యి నొప్పి పుట్టింది, ఇక్కడ వాన కారింది, ఇక్కడ ఊరికే ఏడుపొచ్చింది, ప్రతి చోటునీ తాకుతూ గుమ్మం దాకా వెళ్లింది. తండ్రి చంకలో పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మేస్త్రమ్మ వదిన మొహం చూసింది. ఇంతకాలం ఆవిడ పాడితే గొంతే విన్నది గానీ మొహం చూడలేదు, ఇప్పుడు కింద కూర్చుని తలెత్తి చూస్తే, కనురెప్పలు వాలి, పెదవి వణికి, ఎక్కడికో వెళ్లి వస్తున్న మనిషి మొహం, వెళ్లిన చోట ఎవరినో పలకరించి వస్తున్న మొహం. ఇదా అన్నయ్యా నువ్వు చూసేది. ఒక మబ్బు అడ్డొచ్చి రంగులు ఆరిపోయాయి, మళ్లీ వెలిగాయి. పాట ఎంతసేపు సాగిందో, ఆ మధ్యలో తను నిద్రపోయిందో, నిద్రలో పేజీలు తిరిగాయో తిరగలేదో, ఏమీ తెలియలేదు. చప్పట్లు వినబడి ఉలిక్కిపడింది.

జనం పల్చబడ్డారు. మేస్త్రమ్మ చెప్పులు వెతుక్కుని, వెళ్లిపోవచ్చు కదా, వెళ్లకుండా కిటికీ పక్క గోడని బొటనవేలితో నొక్కి చూస్తూ నిలబడింది.

"ఆరడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?" వెనకనించి వదిన గొంతు.

"పైకైతే నెల. లోపలిది నాకూ తెలీదు."

"ఈ రెండేళ్లలో నాలుగు చోట్ల పిలిచారు పాడమని. రానన్నాను. ఇక్కడి గార పని ఎవరు చేశారో మాస్టారు చెప్పారు. అప్పుడు సరే అన్నాను." పైట చెంగు భుజం మీదికి లాక్కుని, "మెట్టెక్కాక వెతికాను నీకోసం. కనబడలేదు. ఇక పాడాలనిపించలేదు" అంది.

మేస్త్రమ్మ గోడ మీదనించి చెయ్యి తీయలేదు. గోడతోనే చెప్పినట్టు చెప్పింది. "వదినా, ఆ రోజు నాకు తలనొప్పి లేదు. నవల చదువుకుంటున్నా. నేను రావాల్సింది, అన్నయ్య వచ్చాడు. బండికి బ్రేకు వైరు మార్చాలని నాకు నాలుగు రోజుల ముందే తెలుసు. అన్నయ్య తాళాలు తీసుకుంటుంటే చెప్దామనుకున్నా. చెప్పలేదు. నిన్ను అన్నాను గానీ..." గోడని బొటనవేలితో మళ్లీ నొక్కింది. "నిన్ను అన్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"బ్రేకు సంగతి. వంతెన దాటాక ఆగి ఫోన్ చేశాడు. దీని బ్రేకు సరిగా పట్టట్లేదు, మెల్లగా వస్తా, కంగారు పడకు అన్నాడు. పిచ్చుకకి తలనొప్పిట, దార్లో మాత్రలు కొనాలి అని కూడా అన్నాడు."

మేస్త్రమ్మ వెనక్కి తిరిగింది. బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు, ఆ చప్పుడు మందిరంలోకి వచ్చి చాలాసేపు తిరిగి పోయింది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావు? అంతమందిలో అన్ని మాటలన్నానే. ఒక్క ముక్క చెప్తే నా నోరు పడిపోయేది."

"పడిపోయేది. తరవాత నువ్వేమయ్యేదానివి? నన్ను తిట్టినంతసేపూ నువ్వు కాళ్ల మీద నిలబడే ఉన్నావు. నిలబడనీ అనుకున్నా." వదిన మెట్టు మీద కూర్చుంది, కూర్చుని మోకాళ్లు రాసుకుంది. "అదేదో నా గొప్పతనం అనుకోకు. ఫోన్లో నేనేమన్నానో తెలుసా? హాలుకి తాళం వేసేశారు, వానలో ఒక్కదాన్నే ఉన్నా, కాస్త తొందరగా రా అన్నాను. సరే అన్నాడు. అదే ఆఖరి మాట. నీ పాటే మింగింది అని నువ్వంటుంటే, పాట కాదే, ఆ మాట, అని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? నాకూ ధైర్యం లేకపోయింది. పాట మానేశాను, అది తేలిక."

తొందరగా రమ్మంటే తప్పేముంది వదినా, ఎవరైనా అంటారు, అందామని మేస్త్రమ్మ నోరు తెరిచింది, తెరిచాక ఆ మాటే తనకీ ఎవరైనా చెప్పొచ్చునని, చెప్పినా తను నమ్మదనీ అర్థమైంది. వెళ్లి మెట్టు మీద పక్కన కూర్చుంది. వదిన ఆమె అరచెయ్యి తీసుకుని తిప్పి చూసింది, సున్నం తిని మొద్దుబారిన వేళ్లు, ఒక్కొక్కటీ వంచి చూసింది. ఇద్దరి మధ్యా ఏదీ తీరలేదు, తీరేది కాదు. కానీ ఒక్కొక్కరూ ఒంటరిగా మోస్తున్నది ఇప్పుడు ఇద్దరి మధ్యా నేల మీద పెట్టి ఉంది, చూడొచ్చు, ఎంత ఉందో అంతే ఉంది.

"ఇంతకీ ఆ నవల్లో చంపిందెవరు?" అంది వదిన.

"తెలీదు. మిగతాది చదవలేదు."

వదిన నవ్వింది, నవ్వు సగంలో ఏడుపైంది, మేస్త్రమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది, ఎక్కడ వేయాలో తెలియనట్టు ఎత్తి మళ్లీ వేసింది. దూరంగా బల్లలు సర్దుతున్న మాస్టారు ఇటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడి ఒకే బల్లని మూడుసార్లు జరిపారు.

బయటికి వచ్చేసరికి ఎండ పల్చగా రోడ్డు మీద పడుకుని ఉంది.

"బండి మీద వచ్చావా?" అంది వదిన.

"బండెక్కి తొమ్మిదేళ్లయింది. నడిచే వచ్చా. గంట పడుతుంది."

"నాది ఇంకా అవతల. నేనూ నడిచే వచ్చా."

ఇంకేమీ అనుకోకుండానే ఇద్దరూ ఒకే వైపుకి తిరిగారు. పరంజా మెట్లు ఎక్కీ దిగీ మేస్త్రమ్మ నడక ఎప్పుడూ పరుగే, నాలుగంగల్లో వీధి మలుపు దాకా వెళ్లిపోయింది.

"మెల్లగా నడవ్వే పిచ్చుకా" అంది వెనకనించి వదిన. "మెల్లగా. మనల్నెవరూ తరమట్లేదు."

మేస్త్రమ్మ ఆగింది. వదిన వచ్చి పక్కన కలిసేదాకా ఎండలో అలాగే నిలబడింది.